చిన్నపిల్లలతో పాంకోర్ ద్వీపయాత్ర

నాలుగు వైపుల నీరు గల భూమిని ద్వీపము అందురు. ఈ మాట మీకు చిన్న తరగతులలోనే వచ్చును. మన పేరక్ రాష్ట్రమునకు పడమట, మలక్కా జలసంధిలో, పాంకోర్ అను చిన్న ద్వీపము కలదు. లుముట్ రేవులో పడవ ఎక్కినచో సుమారు అరగంటలో అక్కడికి చేరవచ్చును. పాఠశాల సెలవులలో మన తరగతి పిల్లలు అనేకులు అమ్మానాన్నలతో అక్కడికి వెళ్లి వచ్చుచుందురు. "ఏమి చూచితివి?" అని అడిగినచో "సముద్రము చూచితిని టీచర్" అందురు. సముద్రమును ఊరక చూచుట వేరు, తెలిసి చూచుట వేరు. మీ ఇంటిలో మూడేళ్ల తమ్ముడో చెల్లెలో ఉన్నచో ఆ రెండవ చూపు మీకు కావలెను. "పిల్లను చూసుకో" అని పెద్దలు మొదట చెప్పునది మీతోనే గదా!

పాంకోర్ నడుమ అంతయు అడవి నిండిన కొండలు. తూర్పు వైపున, అనగా మన ఒడ్డునకు ఎదురుగా, చేపలు పట్టువారి ఊళ్లు ఉన్నవి. అక్కడ నెత్తళ్లను ఎండబెట్టుదురు. మన ఇండ్లలో ఇకాన్ బిలిస్ అని కొనునవి అవియే. పడమటి వైపున పాసిర్ బోగాక్, తెలుక్ నిపా అను ఇసుక తీరములు కలవు. తెలుక్ నిపాలో సాయంకాలము ఎంగ్గాంగ్ పక్షులు వచ్చి చెట్లపై వాలును. ముక్కు మీద మరియొక ముక్కు పెట్టినట్లుండు ఆ పక్షిని చూపించినచో ఏడ్చుచున్న చంటిపిల్ల కూడ ఊరకుండును.

1874 జనవరి 20న ఈ ద్వీపము పేరు గల ఒక ఒప్పందము జరిగెను. దానితో బ్రిటిష్ వారు పేరక్ పాలనలో కాలు మోపిరి. తరువాత తోటలు వెలసెను, ఆ తోటల పనికి శ్రీకాకుళము, విశాఖపట్టణము వైపు నుండి మన పెద్దలు ఓడలెక్కి వచ్చిరి. అది పెద్ద కథ, మరొక సంచికలో చెప్పుకొందము. ఇప్పుడు నీటి సంగతి.

సముద్రపు నీరు దినమునకు రెండు మారులు ఒడ్డు పైకి ఎక్కును, రెండు మారులు దిగును. ఎక్కుటను పోటు అనియు దిగుటను ఆటు అనియు అందురు. ఈ రెండు మాటలు కలిసియే ఆటుపోట్లు అయినవి. మీరు బయట విను ఆయర్ పాసాంగ్, ఆయర్ సురుట్ అనునవి ఇవియే.

దీనికి ముఖ్య కారణము చంద్రుడు. చంద్రుడు భూమిని తన వైపు లాగుచుండును. నేల గట్టిది గనుక అంతగా కదలదు, నీరు కదలును. చంద్రునికి ఎదురుగా నున్న వైపున నీరు కొంచెము ఉబ్బును. సరిగా దాని వెనుక వైపున చంద్రుని లాగుడు తక్కువ గనుక, అక్కడి నీరు వెనుకబడి అదియు ఉబ్బును. భూమి తన చుట్టు తాను తిరుగుచు ఒక దినములో ఈ రెండు ఉబ్బులను దాటును. అందువలననే రెండు పోట్లు. ఈలోగా చంద్రుడు కూడ ఆకాశములో కొంత ముందుకు జరుగును గనుక మరునాటి పోటు సుమారు 50 నిమిషములు ఆలస్యమగును. నేడు ఉదయము 10 గంటలకు నీరు నిండినచో రేపు 10 గంటల 50 నిమిషములకు నిండును.

మన పూర్వుల లెక్కలో ఒక ఘడియ అనగా 24 నిమిషములు. రెండు ఘడియలు 48 నిమిషములు. దినమునకు రెండు ఘడియల ఆలస్యమని పట్టుకొన్నవానికి గడియారముతో పని లేదు. మా తాతగారు అట్టివారే. బాగాన్ డాటుక్ వైపు సముద్రము చెంతనున్న కొబ్బరితోటలో ఆయన నీటితలుపు కాచెడివారు. ఆటు వచ్చినపుడు తలుపు ఎత్తి తోటలోని వాననీటిని బయటికి వదలవలెను. పోటు రాకముందే దించవలెను. లేనిచో ఉప్పునీరు చెట్ల వేళ్లకు చేరును. ఆయనకు చదువు రాదు, తిథులు మాత్రము వచ్చును. పున్నమి, అమావాస్యలు దాటిన మరునాడు "రేపు విదియ, నీరు గట్టు మీదికొచ్చేస్తాది, పిల్లల్ని కాలవ కాడికి ఎల్లనీకండి" అని లైను ఇండ్లన్నిటికి చెప్పి వచ్చెడివారు.

ఆ మాటలో శాస్త్రము ఉన్నది. పున్నమినాడు, అమావాస్యనాడు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరుసలోనికి వచ్చును. సూర్యుడు కూడ నీటిని లాగును గనుక రెండు లాగుళ్లు కలిసి పోటు పెద్దదగును. నీరు కదలుటకు కొంత సమయము పట్టును గనుక అన్నిటికంటె పెద్ద పోటు ఒకటి రెండు దినములు ఆలస్యముగా వచ్చును. అష్టమి, నవమి దినములలో సూర్యచంద్రులు చెరియొక వైపు లాగుదురు గనుక పోటు చిన్నది. కావున మీ ఇంటి గోడకు వ్రేలాడు తెలుగు క్యాలెండరు పండుగలను మాత్రమే చెప్పునదని తలంపవలదు. అది సముద్రము సంగతి కూడ చెప్పును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయము. దీనిని లెక్కగా చెప్పెదను, పలకయో కాగితమో తీసికొనుడు. ఆటు చివర నుండి పోటు చివర వరకు సుమారు ఆరు గంటలు. పెద్ద పోటునాడు నీరు రెండు మీటర్ల ఎత్తు పెరిగినదనుకొందము. అనగా 200 సెంటీమీటర్లు. ఆరు గంటలకు సమానముగా పంచినచో గంటకు 33 సెంటీమీటర్లు వచ్చును. కాని సముద్రము అట్లు పంచదు. నావికులు మొత్తమును పన్నెండు భాగములు చేయుదురు. మొదటి గంటలో ఒక భాగము, రెండవ గంటలో రెండు, మూడవ గంటలో మూడు, నాలుగవ గంటలో మూడు, ఐదవ గంటలో రెండు, ఆరవ గంటలో ఒకటి. కూడి చూడుడు, పన్నెండు వచ్చును.

అనగా మొదటి గంటలో పెరుగునది 17 సెంటీమీటర్లు, మీ జానెడు కంటె కొంచెము ఎక్కువ. దానిని చూచి "నీరు మెల్లగా వచ్చుచున్నది" అని చాపలు పరచుకొందురు. మూడవ గంటలో 50 సెంటీమీటర్లు, నాలుగవ గంటలో మరియొక 50 సెంటీమీటర్లు పెరుగును. ఆ రెండు గంటలలోనే ఒక మీటరు. మూడేళ్ల పిల్ల నిలువెత్తు ఇంచుమించుగా అంతే. నాన్నగారికి నడుము లోతు నీరు చెల్లెలికి తల మునుగు నీరు. ఇద్దరికిని సముద్రము ఒకటియే, కొలత వేరు.

గత సంవత్సరపు సెలవులలో తెలుక్ నిపాలో ఒక కుటుంబమును చూచితిని. తండ్రి భోజనము తెచ్చుటకు వెళ్లెను. తల్లి జామకాయలు కోయుచు, తొమ్మిదేళ్ల పెద్దపిల్లతో "చెల్లిని కాస్త చూస్తూ ఉండు" అనెను. ఆ పిల్ల ఇసుకతో ఇల్లు కట్టుచు చెల్లెలిని చూచుచునే ఉండెను. వారు చాప పరచినప్పుడు నీరు చాల దూరమున ఉండెను. అది పోటు మూడవ గంట. ఒక అల వచ్చి చిన్నపిల్ల ఎర్ర చెప్పును తీసికొని పోయెను. చెప్పు తేలుచు కొంత దూరము పోయెను, పిల్ల దాని వెంట పోయెను. మరియొక అలకు కూలబడెను. ఒక్క కేక లేదు. కొబ్బరినీళ్లు అమ్ము మలాయి మక్‌చిక్ "అడిక్! అడిక్!" అని పరుగెత్తి చేయి పట్టి లాగెను. పిల్ల దగ్గి, ఉప్పునీరు కక్కి, గట్టిగా ఏడ్చెను. ఆ ఏడుపు విని అక్కడి వారందరు ఊపిరి పీల్చుకొనిరి.

తల్లి భయముతో పెద్దపిల్లను "చూడమన్నానా లేదా!" అని కసరెను. నాకు ఆ మాట న్యాయముగా తోచలేదు. ఆ పిల్ల మూడు మారులు తల ఎత్తి చూచెను, మూడు మారులును చెల్లెలు అక్కడనే ఉండెను. నాలుగవ మారుకు లేదు. తొమ్మిదేళ్ల పిల్లకు తోడుగా ఉండు పని చెప్పవచ్చును గాని, నీటి దగ్గర కాపలా పని చెప్పరాదు. ఈ వ్యాసమును ఇంటికి తీసికొనిపోయి అమ్మకు, నాన్నకు ఈ భాగమును చదివి వినిపించుడు. టీచరు చెప్పినదని చెప్పుడు.

మునుగు పిల్ల సినిమాలో వలె చేతులు ఊపి కేకలు వేయదు. నోరు నీటి మట్టమునకు పైకి వచ్చిన క్షణములో ఊపిరి పీల్చుకొనుటకే సమయము చాలదు, ఇక కేక ఎక్కడిది? చేతులు నీటిని క్రిందికి నొక్కుచుండును. దూరము నుండి చూచువారికి ఆడుకొనుచున్నట్లే కనబడును. ఒక నిమిషము లోపలనే అంతయు జరిగిపోవచ్చును. కావున నీటి దగ్గర చూచుట అనగా చేయి చాచినచో అందునంత దగ్గర నిలుచుట. పెద్దవారు ఒకరు "ఇప్పుడు నా వంతు" అని పైకి చెప్పి, ఫోను సంచిలో పెట్టి నిలువవలెను. అందరు చూచుచున్నారనుకొన్నచోట ఎవరును చూడరు.

మరి మీరేమి చేయవలెను? చిన్నపిల్ల నీటిలో పడినచో మీరు దూకవలదు. ఈత వచ్చిన పిల్లలు కూడ దూకవలదు. భయపడిన పిల్ల మెడ పట్టుకొన్నచో ఇద్దరు మునుగుదురు. గొంతెత్తి అరవుడు, తెలుగులోనైనను మలాయిలోనైనను సరే. తేలునది ఏదైనను, బంతి గాని ఖాళీ నీళ్ల డబ్బా గాని, పిల్ల వైపు విసరుడు. పిల్ల ఉన్న చోటు నుండి చూపు త్రిప్పక వ్రేలితో చూపుచు ఉండుడు. వచ్చు పెద్దవారికి ఆ వ్రేలే దారి.

ఇదే ద్వీపములో తెలుక్ గెడుంగ్ అను చోట డచ్చివారు 1670లో తగరము దాచుటకు కట్టిన కోట యొక్క గోడలు ఉన్నవి. మచిలీపట్నములోను భీమునిపట్నములోను వర్తకము చేసిన కంపెనీయే ఇది. కోటకు కొంత దూరములో ఒక పెద్ద బండరాయి కలదు. దానిని బాతు బెర్సురాట్, అనగా వ్రాతరాయి అందురు. దానిపై ఆ కంపెనీ గుర్తు, 1743 అను సంవత్సరము, ఒక పిల్లను పట్టుకొన్న పులి బొమ్మ చెక్కబడి ఉన్నవి. కోటలోని డచ్చి అధికారి బిడ్డ ఆడుకొనుచు కనబడకపోయెననియు, పులి ఎత్తుకొని పోయెననియు చెప్పుదురు. కాదు, పగవారు ఎత్తుకొని పోయిరని మరి కొందరు చెప్పుదురు. ఏది నిజమైనను రెండు కథలలోను ఒక సంగతి సమానము. పిల్ల మాయమైన క్షణమును ఎవరును చూడలేదు. నేడు అక్కడ పులులు లేవు. మీరు వెళ్లినప్పుడు ఆ రాయి ముందు ఫోటో తీసికొనుటతో సరిపెట్టుకొనక బొమ్మను నిదానముగా చూడుడు.

చిన్నపిల్లలకు గాలి ఊదిన రబ్బరు చక్రము వేసి నీటిలో వదలుట నేను చాలచోట్ల చూచుచున్నాను. అది ఆటవస్తువు, రక్షణ కాదు. తెల్లవారుజామున నేల చల్లబడి ఉండును గనుక గాలి నేల నుండి సముద్రము వైపు వీచును. ఆ గాలికి చక్రము పిల్లతో సహా లోపలికి పోవును. మధ్యాహ్నము నేల కాగినపుడు గాలి సముద్రము నుండి ఒడ్డునకు తిరుగును. పడవలో గాని తీరములో గాని పిల్ల కొలతకు సరిపోవు రక్షణ చొక్కా అడిగి తీసికొనవలెను. పెద్దవారి చొక్కా వేసినచో పిల్ల క్రిందికి జారిపోవును, చొక్కా మాత్రము పైన తేలును.

జెల్లీ చేప తగిలినచో రుద్దరాదు, మంచినీళ్లు పోయరాదు. వెనిగర్ పోసి, వైద్యుని దగ్గరకు తీసికొనిపోవలెను. మీ అమ్మగారి ఊరగాయ సీసా ప్రక్కన ఒక చిన్న వెనిగర్ సీసాకు సంచిలో చోటు చేయుడు.

బయలుదేరుటకు ముందు లుముట్ ఆటుపోట్ల పట్టికను చూడుడు. మన దేశపు భూమాపన శాఖ దీనిని ప్రతి సంవత్సరము ప్రకటించును. ఆ దినమున నీరు ఎప్పుడు నిండునో, ఎప్పుడు తీయునో గంటలు నిమిషములతో సహా అందులో ఉండును. దానిని కాగితముపై వ్రాసికొని, మధ్య రెండు గంటలను ఎర్ర పెన్సిలుతో గీయుడు. ఆ వేళ చిన్నపిల్లను నీటి నుండి తీసికొనివచ్చి అన్నము పెట్టి నిద్రపుచ్చుటకు సరిపోవును. ఆటు ముగియు చివరి గంట, పోటు మొదలగు మొదటి గంట మాత్రము మీవి. అప్పుడు నీరు ఒక్కొక్క భాగమే కదలును. తడి ఇసుక బయటపడి, రాళ్ల సందులలో నీటి గుంటలు నిలుచును. పెద్దవారి చేయి పట్టుకొని చెల్లెలిని ఒక గుంట దగ్గర కూర్చుండబెట్టుడు. కదలక చూచినచో చిన్న పీతలు ఒక్కొక్కటిగా బయటికి వచ్చును.