తల్లి ఆహారములోని క్రొవ్వులు – ఆమె మనస్సు

బాలింతకు కాయము తినిపించుటయందును, అన్నములో నేయి వడ్డించుటయందును మన పెద్దలు ఎన్నడును లోపము చేయలేదు. కాని ఆమె యేల ఊరక కంటతడి పెట్టుచున్నదో విచారించువారు మన యిండ్లలో అరుదు. దిష్టి యనియో, సుకుమార మనియో త్రోసివేయుట వాడుక. ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్క ననుసరించి వర్ధమానదేశములలో ప్రసవించిన స్త్రీలలో నూటికి ఇంచుమించు 20 మంది మనోవ్యాధికి, ముఖ్యముగా విషాదవ్యాధికి, లోనగుచున్నారు. కావున దీనిని సుకుమార మనరాదు.

దీనికిని ఆహారమునకును గల సంబంధ మెట్టిదో చూతము. మెదడులో నీరు పోగా మిగులు పదార్థమున సగమునకు పైగా క్రొవ్వే. అందు డి.హెచ్.ఏ. అను ఒమేగా-3 జాతి క్రొవ్వు ముఖ్యమైనది. శిశువు దీనిని గర్భమున నున్నపుడు తల్లి రక్తమునుండియు, పుట్టినపిదప చనుబాలనుండియు గ్రహించును. ఆహారమున అది చాలనిచో తల్లి నిలువయే తరుగును. కొన్ని క్రొవ్వులను శరీరము తనంతట చేసికొనజాలదని 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలపై పరిశోధించి తెలిపియుండిరి.

2002లో జోసెఫ్ హిబ్బెల్న్ పలుదేశముల లెక్కలను పోల్చి, చేపలు విరివిగా భుజించు దేశములలో ప్రసవానంతర విషాదము తక్కువ యని చూపెను. అయితే పోలిక వేఱు, ఋజువు వేఱు. 2010లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో సుమారు 2,400 మంది గర్భిణులను రెండు తెగలుగా చేసి, ఒక తెగకు చేపనూనె మాత్రలు, రెండవ తెగకు శాకతైలపు మాత్రలు ఇచ్చిరి. విషాదవ్యాధి విషయమున చెప్పదగిన భేదము కానరాలేదు. కావున ఈ క్రొవ్వు తల్లీబిడ్డలకు ఆవశ్యకమైన ఆహారమే గాని, విషాదమునకు ఔషధ మని చెప్పుటకు వీలులేదు.

గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును దినమునకు 200 మిల్లీగ్రాములకు తక్కువ కాకుండ డి.హెచ్.ఏ. కావలెనని అంతర్జాతీయ నిపుణుల సలహా. యానాములోను, తమిళనాటి తీరమునను ఉన్న మనవారికి కవళ్ళు, కానాగంతలు వంటి చిన్నచేపలు మేలు. పాలుపడునని బాలింతకు పెట్టు సొరచేపలో పాదరసము చేరియుండును గనుక దానిని మానుటయే క్షేమము.

శాకాహారులు ఇరుగుపొరుగువారినుండి నేర్వదగినది కలదు. కన్నడిగుల అగసె చట్నీపుడి, మహారాష్ట్రుల జవస చట్నీ మన అవిసెగింజల పొడియే. ఒడిశాలో ఆవనూనె నిత్యపు వాడుక. వీనియందు ఒమేగా-3 కలదు. మన నువ్వులనూనెలో అది మిక్కిలి స్వల్పము. అయినను గింజలనుండి వచ్చు ఈ క్రొవ్వులో కొలదిభాగమే శరీరమున డి.హెచ్.ఏ.గా మారును. కావున నాచునుండి తీసిన డి.హెచ్.ఏ. మాత్రల విషయమై వైద్యుని అడుగుట మంచిది.

విషాదము రెండు వారములకు మించినచో, బిడ్డపై మనస్సు పోకున్నచో, పథ్యముతో సరిపెట్టక వైద్యుని చూడవలెను. ప్రాణము తీసికొనవలెనను తలంపు కలిగినచో ఒక్క దినమైనను జాగు చేయరాదు. 2022లో భారతప్రభుత్వము నెలకొల్పిన టెలీ-మానస్ సంఖ్య 14416. అందు తెలుగునను మాటలాడవచ్చును. పొరుగుభాష నడుమ కాపురముండు మన ఆడపడుచునకు తన దుఃఖమును తన భాషలో చెప్పుకొను వీలు చిన్న విషయము కాదు. ఇంటివారు మొదట చేయవలసినది ఆమె మాట వినుటయే యని మేము మనవి చేయుచున్నాము.