ఇన్‌టేక్ సెన్సార్లు

కారు ఇంజనులోకి వెళ్ళే గాలి పరిమాణాన్ని, పీడనాన్ని, ఉష్ణోగ్రతను కొలిచి ఇంజను కంట్రోల్ యూనిట్‌కు (ఈసీయూ) తెలియజేసే పరికరాలను ఇన్‌టేక్ సెన్సార్లు అంటారు. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి అవసరం. కార్బురేటరు ఉన్న పాత కార్లలో లోపలికి వెళ్ళే గాలే పెట్రోలును లాగుకొనేది. ఇంజెక్షన్ పద్ధతిలో ఈ లెక్క ఈసీయూ వేస్తుంది కనుక ముందుగా గాలి కొలత తెలియాలి. 1967లో బాష్ సంస్థ ఫోక్స్‌వాగన్ 1600 కారుకు అందించిన డి-జెట్రానిక్ వ్యవస్థ మానిఫోల్డు పీడనం ఆధారంగా పనిచేసింది.

పనిచేసే విధానం

మాస్ ఎయిర్‌ఫ్లో (మాఫ్) సెన్సారు ఎయిర్ ఫిల్టరుకు, థ్రాటిల్‌కు మధ్య ఉంటుంది. ఇందులో విద్యుత్తుతో వేడెక్కిన సన్నని ప్లాటినం తీగ గాని, పలుచని పొర గాని ఉంటుంది. వీచే గాలి దానిని చల్లబరుస్తుంది. వేడి తగ్గకుండా నిలపడానికి ఎంత విద్యుత్తు కావలసి వచ్చిందో దానినిబట్టి గాలి ద్రవ్యరాశి తెలుస్తుంది.

మ్యాప్ సెన్సారు మానిఫోల్డులోని పీడనాన్ని కొలుస్తుంది. పీడనం మారితే దీనిలోని సిలికాన్ పొర వంగి, నిరోధం మారుతుంది. మాఫ్ లేని కార్లలో ఈ పీడనం, ఇంజను వేగం, గాలి ఉష్ణోగ్రతల నుండి ఈసీయూ గాలిని లెక్కగడుతుంది. ఉష్ణోగ్రతను కొలిచేది థర్మిస్టరు. వేడి పెరిగేకొద్దీ దీని నిరోధం తగ్గుతుంది. 45 డిగ్రీల గాలి సాంద్రత 20 డిగ్రీల గాలి కంటే సుమారు 8 శాతం తక్కువ. కాబట్టి మన వేసవికి ఈ చిన్న సెన్సారు చాలా ముఖ్యం.

లోప సంకేతాలు

సెన్సారు నుండి వచ్చే సంకేతం హద్దులు దాటితే ఈసీయూ ఒక కోడును నమోదు చేసి, సాధారణంగా చెక్ ఇంజన్ దీపాన్ని వెలిగిస్తుంది. ఆపై ఒక ఊహా విలువతో ఇంజనును నడుపుతుంది. పి0100 నుండి పి0104 వరకు మాఫ్‌కు, పి0105 నుండి పి0109 వరకు మ్యాప్‌కు, పి0110 నుండి పి0114 వరకు గాలి ఉష్ణోగ్రతకు చెందిన కోడులు.

కోడు కనబడగానే సెన్సారు మార్చడం అనవసరపు ఖర్చుకు దారితీయవచ్చు. కోడు సూచించేది ఆ వలయంలో లోపాన్ని మాత్రమే. ఎన్టీఆర్ జిల్లాలోని తిరువూరులో మే నెల మధ్యాహ్నం స్కానరు గాలి ఉష్ణోగ్రతను మైనస్ 40 డిగ్రీలుగా చూపిందనుకుందాం. అంత చలి అక్కడ అసాధ్యం. తీగ తెగి లేదా ప్లగ్గు ఊడి నిరోధం అనంతమైనప్పుడు ఈసీయూ అలా అర్థం చేసుకుంటుంది.

తిరువూరు 30వ జాతీయ రహదారిపై ఉంది. రహదారి దిగి మామిడి తోటల మట్టిదారుల్లో తిరిగే కార్లకు దుమ్ము బెడద ఎక్కువ. ఫిల్టరు సరిగా కూర్చోకపోతే దుమ్ము మాఫ్ తీగపై పేరుకుంటుంది. అప్పుడది గాలిని తక్కువగా కొలుస్తుంది, పెట్రోలు తక్కువ పడుతుంది, మిశ్రమం పలుచనైందని తెలిపే పి0171 కోడు రావచ్చు. మాఫ్ తరువాతి రబ్బరు గొట్టం పగిలినా ఇదే కోడు వస్తుంది, ఎందుకంటే ఆ పగులు గుండా వచ్చే గాలి లెక్కలోకి రాదు. గొట్టాన్ని, ఫిల్టరును, ప్లగ్గును ముందుగా చూడాలి. తీగను గుడ్డతో తుడిస్తే తెగుతుంది. దానికి ప్రత్యేకమైన స్ప్రే దొరుకుతుంది.

మ్యాప్ సెన్సారును పరీక్షించడం తేలిక. తాళం తిప్పి ఇంజను స్టార్టు చేయకుండా చూస్తే అది బయటి వాతావరణ పీడనాన్నే చూపాలి. తిరువూరులో అది సుమారు 100 కిలోపాస్కల్స్. స్టార్టు చేశాక, వేడెక్కిన పెట్రోలు ఇంజను ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు అది సాధారణంగా 30–40కి దిగుతుంది. దిగకపోతే సెన్సారు కంటే ముందు గాలి లీకును అనుమానించాలి.