కాలు లాగేస్తోందా? వెన్నులో సూది ఎంతవరకు?

ఉప్పాడ జాంధానీకి 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చీర మీద పువ్వు రెండువైపులా ఒకేలా కనిపించాలంటే గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని, రోజుల తరబడి నడుం వంచి నేయాలి. అదే ఊరి తీరాన మత్స్యకారులు బరువైన వలలు లాగుతుంటారు. ఇలాంటిచోట నడుంనొప్పి కొత్తేమీ కాదు. అయితే ఆ నొప్పి పిరుదు నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు షాకులా పాకితే పని ఆగిపోతుంది. ‘ఆపరేషన్ తప్పదేమో’ అన్న భయం ఇంటిల్లిపాదినీ పట్టుకుంటుంది. ఆపరేషన్‌కి ముందు వైద్యులు చెప్పే మరో మార్గమే నరం మొదట్లో ఇచ్చే ఇంజెక్షన్.

ఎందుకీ నొప్పి?

వెన్నుపూసల మధ్య డిస్కులు మెత్తల్లా పనిచేస్తాయి. డిస్కు పైపొర చిరిగి లోపలి గుజ్జు బయటికొస్తే, కాలికి వెళ్లే నరం మొదలు నొక్కుకుంటుంది, వాస్తుంది. నడుం కింది రెండు డిస్కుల్లోనే ఇది ఎక్కువ. ఊరటనిచ్చే సంగతేమిటంటే, జారిన గుజ్జును చాలామందిలో శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. ఆరు నుంచి పన్నెండు వారాల్లో ఎక్కువమంది తేరుకుంటారు.

సూది ఏం చేస్తుంది?

రోగిని బోర్లా పడుకోబెట్టి, ఎక్స్‌రే తెర మీద చూస్తూ సన్నని సూదిని నరం బయటికొచ్చే రంధ్రం దగ్గరికి పంపిస్తారు. సరైన చోటుకు చేరిందో లేదో రంగు మందుతో సరిచూసుకుని మత్తుమందు, స్టెరాయిడ్ ఇస్తారు. చాలామంది అదే రోజు ఇంటికెళ్లిపోవచ్చు.

ఈ సూది డిస్కును వెనక్కి నెట్టదు. నరం వాపు తగ్గించి, శరీరం తన పని తాను చేసుకునేదాకా నొప్పిని అదుపులో ఉంచుతుంది. ఉపశమనం కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు. కొందరికి అసలు పనిచేయకపోవచ్చు.

అమెరికాలో 2000లో వెలువడిన అధ్యయనంలో ఆపరేషన్ కోరుకున్న 55 మందికి ఈ సూదులు ఇచ్చారు. స్టెరాయిడ్ కలిపి తీసుకున్న 28 మందిలో 20 మంది, మత్తుమందు మాత్రమే తీసుకున్న 27 మందిలో 9 మంది ఆపరేషన్ వద్దనుకున్నారు. బ్రిటన్‌లో 163 మందితో జరిపి 2021లో ప్రచురించిన పరిశోధనలో, 18 వారాలు గడిచేసరికి సూదికీ ఆపరేషన్‌కీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అయితే సూది తీసుకున్నవారిలో కొందరికి తర్వాత ఆపరేషన్ అవసరమైంది.

ఇవి మరవొద్దు

* మధుమేహం ఉంటే ముందే చెప్పండి. స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు చక్కెర పెరగొచ్చు.

* రక్తం పలచబడే మందులు వాడుతున్నా, ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నా, గర్భిణి అయినా దాచొద్దు.

* నరాలు దెబ్బతినడం వంటి తీవ్ర సమస్యలు చాలా అరుదే అయినా ఉన్నాయి. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ విషయమై హెచ్చరించింది. అందుకే ఎక్స్‌రే తెర, అనుభవమున్న వైద్యుడు ఉన్నచోటే చేయించుకోవాలి.

* మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, మలద్వారం చుట్టూ తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా సూది కోసం ఎదురుచూడొద్దు. అర్ధరాత్రయినా వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.

నొప్పి తగ్గింది కదాని మర్నాడే మగ్గమెక్కడం, వల పట్టడం తగదు. వైద్యులు చెప్పిన వ్యాయామాలు చేస్తూ, మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేస్తూ, పనిని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. సూది ఇచ్చిన వ్యవధిని ఇలా వాడుకుంటేనే దాని ప్రయోజనం.