ఆస్పత్రికి చేరేలోగా

హైదరాబాదు నుండి విజయవాడకు పోయే 65వ జాతీయ రహదారి చౌటుప్పల్, నకిరేకల్, సూర్యాపేటల మీదుగా సాగుతుంది. కర్నూలు వైపు పోయే 44వ రహదారి జడ్చర్ల మీదుగా పాలమూరు మెట్టలను దాటుతుంది. ఈ దారులలో ఒకచోట మోటారు సైకిలు లారీకి తగిలిందనుకొందాం. గుమిగూడిన వారిలో ఒకరు స్పృహలేని మనిషి నోట నీళ్లు పోయబోతారు. మరొకరు చంకల క్రింద చేతులుంచి లేపి, ఆటోలో వేయమంటారు. ఇద్దరూ దయగలవారే; కాని ఇద్దరి పనీ ప్రాణం మీదికి తేవచ్చును. ఎందుచేతనో చూతము.

పెద్దవారి శరీరంలో సుమారు 5 లీటర్ల రక్తం ఉన్నది. పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాలలోనే ప్రాణం పోవచ్చును. తొడ ఎముక విరిగితే పైకి చుక్కయినా కనబడకుండ లీటరు రక్తం కండలలోకి కారిపోగలదు. వెన్నెముక విరిగిన మనిషిని వంచి ఎత్తితే, అంతవరకు క్షేమంగా ఉన్న వెన్నుపాము నలిగి కాళ్లు పడిపోవచ్చును. స్పృహ లేనివారికి పోసిన నీరు ఊపిరితిత్తులలోకి పోవచ్చును.

అందుచేత 108 వాహనంలో వచ్చే సహాయకుడు ఒక వరుసను పాటిస్తాడు. మొదట ధారగా కారే రక్తాన్ని అదిమి ఆపుతాడు. చేతికో కాలికో తగిలిన గాయం అదిమినా ఆగకుంటే, దానికి పైభాగాన కట్టు బిగిస్తాడు. తరువాత మెడ కదలనీయక, దవడను ముందుకు త్రోసి శ్వాసమార్గం తెరుస్తాడు. ఊపిరి, నాడి చూచి ప్రాణవాయువు అందిస్తాడు. విరిగిన అవయవానికి బద్దలు కట్టి దుప్పటి కప్పుతాడు. ఆ దుప్పటి కూడ చికిత్సే. ఒళ్లు చల్లబడితే రక్తం సరిగా గడ్డకట్టదు. కడుపులో కారే రక్తాన్ని మాత్రం రోడ్డుపై ఆపలేము. దానికి శస్త్రచికిత్స కావలెను. కనుక జాగు చేయక బయలుదేరుతాడు.

ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైనది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడినవి. అయినను ధమని తెగినవాడు వాహనం వచ్చేవరకు ఆగలేడు. ఆ నిమిషాలు అక్కడ నిలిచియున్న వారివి. 108కి ఫోను చేసి, దగ్గరి కిలోమీటరు రాతిపైని సంఖ్య చెప్పవలెను. చేతికి ప్లాస్టిక్ సంచి తొడుగుకొని, మడిచిన గుడ్డతో గాయాన్ని వదలక అదమవలెను. మంటల వంటి అపాయం ఉంటే తప్ప కదల్చరాదు. పోలీసుల భయం కూడ అక్కరలేదు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ సహాయకులకు రక్షణ కల్పించినది, పేరు చెప్పుమని వారిని నిర్బంధించరాదు.

ఉపాధ్యాయులు ఈ నాలుగు పనులను ఒక తరగతిలో పిల్లలచేత చేయించి చూపవచ్చును. మడిచిన చేతిరుమాలు ఒకటి చాలును.