ఉద్దానం భూవ్యవహారంలో ఫారసీ పదాలు: అర్థపరిణామ పరిశీలన

1. ఉపోద్ఘాతం:

వజ్రపుకొత్తూరు ప్రాంతంలో వ్యవహారభాష తెలుగు. ఇచ్ఛాపురం వైపు సాగేకొద్దీ ఒడియా, పడమటి కొండల్లో సవర వినిపిస్తాయి. ఫారసీ ఇక్కడ ఏ ఊరికీ మాతృభాష కాదు. రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోనూ దానికి చోటు లేదు. అయినా ఉద్దానంలో జీడితోట కొన్నా, అమ్మినా, అప్పుకు పెట్టినా ఆ భాష అందించిన పదాలు లేకుండా దస్తావేజు పూర్తి కాదు. వీటిలో చాలావాటి మూలం అరబీ. తెలుగుకు చేరవేసింది మాత్రం ఫారసీ.

2. కలం వెంట వచ్చిన పదాలు:

16వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ తీరం గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలోకి వచ్చింది. శ్రీకాకుళం ఒక సర్కారుకు కేంద్రమైంది. ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదు అక్కడ నేటికీ ఉంది. గోల్కొండ ఫర్మానాలు కొన్ని ఫారసీ, తెలుగు రెండింటిలోనూ వెలువడేవి. కనుక ఈ పదాలను ఊళ్ళకు తెచ్చింది సిపాయిల కంటే ఎక్కువగా లెక్కలు రాసే కరణాలే అనుకోవడం సమంజసం. అచ్చతెలుగు కావ్యం యయాతిచరిత్రను పొన్నెగంటి తెలగన అంకితమిచ్చిన అమీనుఖానుడు ఆ గోల్కొండ కొలువువాడే కావడం ఇక్కడ గుర్తుచేసుకోదగినది! కుంపిణీ కాలానికి ఈ పదజాలం ఎంత పేరుకుందంటే, సి.పి. బ్రౌన్ 1854లో మిశ్రభాషా పదాలకు ప్రత్యేకంగా నిఘంటువు ప్రచురించవలసి వచ్చింది.

కడలి పనిలోనూ లంగరు, సరంగు ఫారసీ నుంచి వచ్చినవే. తెప్ప, వల, తెడ్డు మాత్రం మనవి.

3. తనఖా:

ఫారసీలో ‘తన్‌ఖ్వాహ్’ అంటే జీతం. హిందీ, ఉర్దూలలో ఇప్పటికీ అదే అర్థం. తెలుగులో మాత్రం తాకట్టు. ఒకే పదం ఒకచోట రాబడి, మరొకచోట అప్పు ఎలా అయింది? మొగలుల కాలంలో ఉద్యోగికి నగదు బదులు ఒక ప్రాంతపు శిస్తును రాసివ్వడం ఉండేది. ఆ కేటాయింపునూ ఈ పదంతోనే వ్యవహరించేవారు. ఒక నేల రాబడి ఒకరి బాకీకి కట్టుబడి ఉండటం అనే భావమే తెలుగులో తాకట్టుకు దారితీసి ఉంటుందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. సరిహద్దుకు ఆవల ఒడియాలో భూమికి నిత్యవ్యవహారంలో ‘జమి’ అనే అంటారు. తెలుగులో ఆ మాట ‘జమీందారు’లోనే మిగిలింది, నేల, భూమి తమ చోటు వదలలేదు.

4. కౌలు:

అన్నిటికంటే బరువైన పదం ఇది. అరబీలో ‘ఖౌల్’ అంటే మాట, వాగ్దానం. బీడుపడిన నేలను సాగులోకి తెచ్చేందుకు ప్రభుత్వం రైతుకు రాసిచ్చే అభయపత్రాన్ని కౌలు అనేవారు. అంటే నాడు అది రైతు చేతిలోని కాగితం. నేడు చాలావరకు కాగితం లేని ఒప్పందం. పదం మళ్ళీ నోటిమాట అనే మూలార్థానికే చేరింది, కానీ రక్షణను పోగొట్టుకొని చేరింది.

ఇది కేవలం నిఘంటువు విషయం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తీరాన్ని దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు విస్తారంగా కూలిపోయాయి. అటువంటి వేళ పరిహారానికి ఆధారమయ్యేది రికార్డులోని పట్టాదారు పేరు. కౌలుకు చేసినవాడు తన సాగును వేరుగా రుజువు చేసుకోవాలి.

మరుసటి ఏడాది వచ్చిన ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం, 2019 తన పేరులో ‘కౌలు’ను వదిలి ‘సాగుదారు’ను స్వీకరించింది. ‘సాగు’ దేశ్యం, ‘-దారు’ ఫారసీ ప్రత్యయం. పేరు మారినా చిక్కు తీరలేదు: పదకొండు నెలల ఆ ఒప్పందపత్రంపై భూయజమాని సంతకం తప్పనిసరి.