ఫోన్లన్నీ ఒకేలా ఉన్నాయి సరే, మరి మనకేం మిగిలింది? బిట్రగుంట ఇంజన్లు చెప్పే లెక్క

20 వేల లోపు ఫోన్లు ఓ ఐదు తీసుకుని, లోగోలు కనపడకుండా టేబుల్ మీద వరసగా పెట్టండి. ఏది ఏ కంపెనీదో టక్కున చెప్పగలరా? రోజూ ఫోన్లతోనే గడిపే నాకే కష్టం. అదే నలుచదరం, అదే పంచ్ హోల్, అవే సన్నటి బెజెల్స్. "డిజైన్‌లో కొత్తదనం లేదు" అని ప్రతి రివ్యూలో రాస్తూనే ఉన్నాం. కానీ అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది.

రేసు కార్లకూ ఇదే గతి

అమెరికాలో స్టాక్ కార్ రేసింగ్ అంటే మొదట్లో షోరూంలో దొరికే కార్లతోనే పోటీ. మైలు కన్నా చిన్న ట్రాకుల్ని షార్ట్ ట్రాక్ అంటారు. అక్కడి చిన్న టీములు తమ షెడ్డులోనే రేకులు వంచుకుని బాడీ కట్టుకునేవి. దూరం నుంచి చూసినా ఎవరి కారో తెలిసిపోయేది. ఇప్పుడు చాలావరకు రెడీమేడ్ ప్యానెళ్లు కొని బిగించడమే.

పెద్ద లీగ్ నాస్కార్ కూడా అదే దారి పట్టింది. 2007 మార్చిలో బ్రిస్టల్ షార్ట్ ట్రాక్ మీద 'కార్ ఆఫ్ టుమారో' దిగింది. షెవర్లే, ఫోర్డ్, డాడ్జ్, టయోటా అన్నిటికీ దాదాపు ఒకటే బాడీ. హెడ్‌లైట్లు స్టిక్కర్లే కాబట్టి, తేడా ఎక్కువగా ఆ స్టిక్కర్లలోనే! ఆ రోజు గెలిచిన కైల్ బుష్ కూడా కారు బాలేదని అక్కడే మొహం మీద చెప్పేశాడు. కానీ ఆ మార్పుకు గట్టి కారణం ఉంది. 2001లో డేటోనాలో డేల్ ఎర్న్‌హార్ట్ ప్రమాదంలో చనిపోయాక భద్రత మీద పట్టు పెరిగింది. కొత్త కారులో డ్రైవర్ సీటు మధ్యకు జరిగింది, క్యాబిన్ పెద్దదైంది. అందం పోయింది, ప్రాణానికి భరోసా వచ్చింది. అభిమానుల గోలతో 2013లో కంపెనీల రూపురేఖలు కొంత తిరిగొచ్చాయి కూడా.

మా ఊరి కథ

మాది నెల్లూరు జిల్లా బిట్రగుంట. చెన్నై, విజయవాడల మధ్య దాదాపు సగం దారిలో ఉంటుంది. ఆవిరి ఇంజన్లకు బొగ్గు, నీళ్లు, మరమ్మతు దారి మధ్యలో కావాలి కాబట్టే ఇక్కడ లోకో షెడ్డు, యార్డు, రైల్వే కాలనీ వెలిశాయి. ఆ రోజుల్లో డబ్ల్యూపీ ఇంజన్‌కు తుపాకీ గుండు లాంటి ముక్కు, దాని మీద నక్షత్రం. గూడ్సు లాగే డబ్ల్యూజీ మొహం పూర్తిగా వేరు. కూత వినే ఏ ఇంజనో చెప్పేవాళ్లని మా తాత అంటుండేవాడు. అయితే అరిగిన బేరింగుల్లాంటివి ఏ ఇంజన్‌కు ఆ ఇంజన్‌కే చేత్తో గీకి సరిచేయాల్సి వచ్చేది.

1980 కల్లా ఈ లైను కరెంటుకు మారింది. సగం దారిలో ఆగాల్సిన పని పోయింది, షెడ్డు సందడి పోయింది, ఊరి బతుకుతెరువు సన్నబడింది. ఇప్పుడు ప్లాట్‌ఫాం మీద నిలబడితే ఎక్కువగా కనపడేవి డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9. మన భాషలో చెప్పాలంటే రెండూ ఒకటే ప్లాట్‌ఫాం: గూడ్సు ఇంజన్ డబ్ల్యూఏజీ-9కి గేర్ నిష్పత్తి మార్చి ప్యాసింజర్ ఇంజన్‌గా చేస్తే డబ్ల్యూఏపీ-7. పక్కా రీబ్రాండ్! కానీ ఒకదాని విడిభాగాలు చాలావరకు రెండోదానికి పనికొస్తాయి, ఒకదాని మీద నేర్చిన మెకానిక్ రెండోదాన్నీ విప్పగలడు. మా ఊరు పెద్ద మూల్యమే చెల్లించింది, కానీ రైల్వేకు, ప్రయాణికుడికి దక్కింది కూడా ఉంది.

ఫోన్‌లో మాత్రం ఏది?

ఇదే లైను మీద దక్షిణాన, తడ దగ్గర శ్రీసిటీ. 2015లో షావోమీ మొదటి మేడిన్ ఇండియా ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్ అక్కడి ఫాక్స్‌కాన్ యూనిట్‌లోనే తయారై, విశాఖలో లాంచ్ అయింది. వెనక మూత ఊడదీసి బ్యాటరీ మార్చుకునే ఫోన్ అది.

ఇప్పుడు చూడండి. పోయినేడు మా చెల్లి ఫోన్ డిస్‌ప్లే పగిలితే కావలిలో రిపేర్ షాపుకెళ్లాం. అదే సిరీస్‌లో 4జీ, 5జీ మోడళ్లు పక్కపక్కన పెడితే కవలపిల్లలే. షాపులో ఉన్నది ఒకదాని డిస్‌ప్లే, మాకు కావాల్సింది రెండోదానిది. "చూడ్డానికి ఒకటేనన్నా, కనెక్టర్ వేరే" అన్నాడు షాపతను. పది రోజులు ఆగాం.

నా బాధంతా ఇదే. రేసు కారు రూపం పోగొట్టుకుని భద్రత తెచ్చుకుంది. రైలింజన్ రూపం పోగొట్టుకుని మార్చుకోగల విడిభాగాలు తెచ్చుకుంది. ఫోన్ మాత్రం బయట ఒకేలా, లోపల దేనికదే. ఛార్జింగ్ పోర్టు ఒక్కటే మినహాయింపు. యూరప్ చట్టం ఒత్తిడితో ఐఫోన్ కూడా 2023లో టైప్-సికి వచ్చింది, ఇవాళ ఇంట్లో ఎవరి కేబుల్ అయినా పనికొస్తోంది. 2025 జూన్ నుంచి అక్కడ కొత్త మోడళ్ల అమ్మకం ఆగాక కూడా ఏడేళ్లు ముఖ్యమైన విడిభాగాలు దొరకాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. అంటే అడిగితే అయ్యే పనే.

అందుకే ఈసారి ఫోన్ కొనేముందు షాపులో మూడు అడగండి: డిస్‌ప్లే మార్చాలంటే ఎంత? బ్యాటరీ మార్చడానికి ఎన్ని రోజులు? ఈ మోడల్ విడిభాగాలు మీ ఊరికి దగ్గర్లో దొరుకుతాయా? జవాబు నసిగితే, వెనక ప్యానెల్ ఎంత మెరిసినా పక్కన పెట్టేయండి.