స్థాపక ప్రభావం

కొద్దిమంది పూర్వీకుల నుంచి విస్తరించిన సమూహం తరతరాలుగా తనలో తానే వియ్యమందుకున్నప్పుడు, ఆ తొలి కుటుంబాల్లో ఒకరికున్న అరుదైన జన్యుమార్పు వారసుల్లో తరచుగా కనిపించడాన్ని స్థాపక ప్రభావం అంటారు. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ, హార్వర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన అధ్యయనం, దక్షిణాసియాలోని 81 సమూహాల్లో ఇది ఫిన్లాండు ప్రజల్లోకంటే బలంగా ఉందని తేల్చింది. శస్త్రచికిత్సలో కండరాలను సడలించే ఒక మందును విచ్ఛిన్నం చేసే ఎంజైము వైశ్యుల్లో కొందరికి లోపించడం ఇందుకు ఉదాహరణ. ఈ లోపం ముందే తెలిస్తే వైద్యులు వేరే మందు వాడి ప్రాణాపాయం తప్పించగలరు. ఇలాంటి జన్యుమార్పులను గుర్తించేందుకు, తెలుగు నేల విడిచి షోలాపూరు చేరి మరమగ్గాల పేటల్లో స్థిరపడిన పద్మశాలీల వంటి సమాజాలను అధ్యయనం చేసే పీహెచ్‌డీ విద్యార్థి, రక్తనమూనాతోపాటు ఇంటిపేరు, పూర్వీకుల ఊరు, మేనరికాల వివరాలనూ వారి సమ్మతితో నమోదు చేయాలి, ఫలితాన్ని ముందుగా ఆ కుటుంబాలకే వివరించాలి.